సుబ్బమ్మ ఆపిన హీటర్

మా బావమరిదికి నా ఉద్యోగం అంటే ఇప్పటికీ నవ్వులాటే. “ఇరవై రెండేండ్లు మస్కట్ల ఉండి ఏం చేసినవ్ బావా? నీళ్లు కాగబెట్టినవ్” అంటాడు, అదీ పెళ్లిళ్లలో, పదిమంది ముందు. అననీ. అబద్ధం కాదు కదా. జగిత్యాల పక్క నుంచి ఐటీఐ సర్టిఫికెట్ ఒకటి పట్టుకొని పోయినవాణ్ని, ఒమన్‌లో ఇళ్లకు తిరిగి ఏసీలు, పంపులు, నీళ్ల హీటర్లు బాగుచేశాను. చలికాలం నాలుగు నెలలూ హీటర్లే హీటర్లు. జనం కాగిన నీళ్లతో స్నానం చేస్తే అందులో నా చెయ్యి కొంత ఉందని నేను అనుకుంటాను. బావమరిది ఏమన్నా అనుకోనీ.

ఇప్పుడు మా వైపు నుంచి ఇదే పనిమీద పోతున్న పిల్లలు ఫోన్లు చేసి అడుగుతున్నారు. “కాకా, హీటర్ ఊకె బంద్ అయి మల్ల చాలూ అయితాంది, ఏం మార్చాలె?” అని. ఆ ప్రశ్నలోనే తప్పు ఉంది. ఏం మార్చాలో అడుగుతున్నారు గానీ, ఎందుకు ఆగుతోందో అడగడం లేదు. నేనూ అంతే ఉండేవాణ్ని. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. రాసేంత రాలేదు కూడా.

వేసవిలో తిరగబడే కొళాయిలు

నేను దిగింది మే నెలలో. విమానాశ్రయం దగ్గర సీబులో మా కంపెనీ రూమ్. రెండో వారంలోనే ఒక విల్లాలో కారుతున్న కొళాయి బాగుచేయడానికి పోయాను. చూద్దును గదా, ఎర్ర గుర్తు ఉన్న కొళాయి తిప్పితే చల్లటి నీళ్లు, నీలం గుర్తుది తిప్పితే చెయ్యి కాలే నీళ్లు. “అరె, ఎవడో తాగి బిగించిండు” అనుకున్నాను. ఎవరూ అడగకపోయినా వాష్‌బేసిన్ కింద దూరి రెండు పైపులనూ అటుదిటు ఇటుదటు మార్చేశాను. గొప్ప పని చేసినట్టు చెయ్యి తుడుచుకుంటూ వచ్చేశాను.

సాయంత్రానికి ఆ ఇంటి పెద్దాయన ఫోన్. ముఖం కడుక్కోబోయి చుర్రుమనిపించుకున్నాడు పాపం.

అక్కడి సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. ఎండాకాలం మేడమీద ట్యాంకులో నీళ్లు మరుగుతూ ఉంటాయి. నీలం కొళాయిలోకి వచ్చేవి అవే. హీటర్ మాత్రం ఇంటి లోపల నీడలో ఉంటుంది. అందుకని జనం ఎండాకాలం రాగానే హీటర్ స్విచ్చి ఆపేస్తారు. దానిలో నిలవ ఉన్న నీళ్లు చల్లబడతాయి. చల్లనీళ్లు కావాలంటే వేడి కొళాయి, వేడినీళ్లు కావాలంటే చల్ల కొళాయి. చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదు, ఎందుకంటే నేను అడగలేదు.

మా ఫోర్‌మన్ వచ్చి పైపులు మళ్లీ మార్చాడు. ఇంటివాళ్ల ముందు ఒక్క మాట అనలేదు. బండిలో కూర్చున్నాక మాత్రం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

జోసెఫ్ సారు

ఆయన పేరు జోసెఫ్. మలయాళీ. నాకంటే పదేళ్లు పెద్ద. నాతో హిందీలో మాట్లాడేవాడు గానీ, కోపం వస్తే మలయాళంలోకి జారిపోయేవాడు. నాకు మలయాళం రాదు కాబట్టి ఆయన తిట్లలో సగం నాకు అంటకుండానే పోయాయి.

పొద్దున్నే చాయ్ తాగుతూ అందరి జాబ్ కార్డులూ చదివేవాడు. మేము ఏ ఇంటికి పోయాం, ఏం మార్చాం అన్నీ ఆ కార్డుల మీద రాసుకొచ్చేవాళ్లం. వేరే ఫోర్‌మన్లు ఎన్ని పనులు అయ్యాయో లెక్క చూసేవాళ్లు. ఈయన ఒకే ఇంటికి రెండుసార్లు ఎవడు పోయాడా అని చూసేవాడు. అలా పోయినవాడు ఆ రోజు దొరికాడన్నమాటే. “మార్చడానికి నువ్వెందుకు? సామాన్ల కొట్టువాడు చాలడా?” అనేవాడు.

అప్పట్లో ఆయన పోరు పడలేక చాటుగా తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు చెబుతున్నాను, అంత మంచి పనివాణ్ని నేను మళ్లీ చూడలేదు. నా సర్వీసు మొత్తంలో ఉన్న ఒకే ఒక్క వార్నింగ్ లెటర్ ఆయన రాసిందే. న్యాయంగా రావలసిందే వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఈ సోదంతా.

మాట్లాడకూడదన్న రూలు

ముందు ఒక పద్ధతి గురించి చెప్పాలి. ఇళ్లలో పనికి పోయే మగవాళ్లకు మా కంపెనీలో ఒక రూలు ఉండేది. ఇంట్లో పనిచేసే ఆడవాళ్లతో మాట్లాడకూడదు. మన దేశం మనిషైతే అసలే మాట్లాడకూడదు. మాట్లాడితే ఏదో ఉందనుకుంటారు, మనకూ చెడ్డపేరు, ఆమెకు ఇంకా ఎక్కువ చెడ్డపేరు. తలుపు కొట్టామా, తల దించుకొని లోపలికి పోయామా, పని చూసుకొని అట్లాగే బయటికి వచ్చామా, అంతే.

ఆ రూలు పెట్టినవాళ్లది తప్పనను. దానివల్ల ఎన్ని గొడవలు తప్పాయో నాకు తెలుసు. కాకపోతే ఒక చిక్కు ఉంది. హీటర్‌ను రోజూ వాడేది ఇంటి యజమాని కాదు. స్నానాలు చేయించేది, గిన్నెలు కడిగేది, బట్టలు ఉతికేది పనిమనిషి. ఆ హీటర్ గుణం ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మేము మాత్రం ఆమెను తప్ప అందరినీ అడిగేవాళ్లం.

మూడుసార్లు పోయిన ఇల్లు

తుఫాను వచ్చి పోయిన ఏడాది, అంటే 2007 చలికాలం. ఆ ఏడాది చాలా ఇళ్లు నెలల తరబడి ట్యాంకర్ నీళ్లు, బావి నీళ్లు వాడుకున్నాయి. ఉప్పు నీళ్లు, సున్నం నీళ్లు. మేము దాన్ని అంతగా పట్టించుకోలేదు.

సీబులోనే ఒక పాత విల్లా. ఇంటావిడ స్కూల్లో టీచరు. అక్కడ పనిచేసే మనవాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ని. ఆమెకు హిందీ బాగా వచ్చు. ఆమె తల్లికి ఎనభై దాటాయి, మంచం మీద నుంచి పట్టుకొని లేపాలి. ఆ ముసలమ్మను చూసుకోవడానికే కడప నుంచి ఒకామెను తెచ్చుకున్నారు. పేరు నాగసుబ్బమ్మ, అందరూ సుబ్బమ్మ అనేవాళ్లు. నలభై ఏళ్లు ఉంటాయేమో. నాకు ఈ పేరు కూడా తర్వాతే తెలిసింది.

కంప్లయింట్ ఏమిటంటే, ముసలమ్మ బాత్‌రూములో హీటర్ ఆగి ఆగి వెలుగుతోంది. ఎర్ర దీపం కాసేపు ఉంటుంది, ఆరిపోతుంది, మళ్లీ దానంతట అదే వస్తుంది. నీళ్లు ఎంతసేపటికీ గోరువెచ్చగానే ఉంటాయి తప్ప కాగవు.

మొదటిసారి పోయి థర్మోస్టాట్ మార్చాను. పుల్లలాంటి సామాను అది. నీళ్లు కాగగానే కరెంటు ఆపుతుంది, చల్లారగానే మళ్లీ ఇస్తుంది. అది చెడిపోతే ఇట్లాగే ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి నా ఊహ తప్పనలేం. కొత్తది పెట్టాను, దీపం వెలిగింది, కార్డు మీద సంతకం పెట్టించుకున్నాను, వచ్చేశాను.

మూడు వారాలకు మళ్లీ అదే కంప్లయింట్. రెండోసారి పోయి మళ్లీ థర్మోస్టాటే మార్చాను. ఆ రోజు ఇంకా అయిదు ఇళ్లు ఉన్నాయి. పని మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వస్తే, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకొని మా ఆవిడతో మాట్లాడుతూనే మూత బిగించేశాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇంకో పదిరోజులకు మూడోసారి. ఈసారి మామా ముఖం కోపంతో ఎర్రగా ఉంది. తల్లికి జలుబు చేసి, దగ్గు పట్టి, ఛాతీలో నెమ్ము చేరిందని ఆస్పత్రికి తీసుకుపోయి తెచ్చారట. “చల్లటి నీళ్లతో స్నానం. మా అమ్మకు. ఈ చలిలో!” అంది. నేను బాత్‌రూము వైపు పోయేసరికి తలుపు పక్క గోడకున్న స్విచ్చి మీద చెయ్యి పెట్టి సుబ్బమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది.

నాకు వెంటనే లైటు వెలిగినట్టయింది. మన ఇళ్లలో గీజర్ వాడే తీరు మీకు తెలుసు కదా. స్నానానికి పోయేముందు స్విచ్చి ఆపందే ఎవరూ నీళ్లు ముట్టరు. షాక్ కొడుతుందని భయం. మా ఆవిడైతే రెండుసార్లు చూసుకుంటుంది ఆపిందో లేదో. ఒమన్‌లో వాళ్లకు ఆ అలవాటు లేదు. వేస్తే వేసినట్టే ఉంచుతారు. ఇంకేముంది, మనావిడ అలవాటు కొద్దీ ఊకె ఆపుతోంది, అందుకే నీళ్లు కాగడం లేదు, అందుకే సామాను పాడవుతోంది! మన ఆడవాళ్ల సంగతి నాకు తెలియదా?

మూత కూడా తీయకుండా మామాతో అన్నాను. “హీటర్ మంచిగనే ఉంది మామా. ఈమె మధ్యలో స్విచ్చి ఆపేస్తోంది. మా దేశంలో వీళ్లకు అలవాటు.”

సుబ్బమ్మకు హిందీ రాదు. కానీ నేను వేలు ఎటు చూపించానో చూసింది.

థాంక్స్ చెప్పిన ఫోన్

మూడు రోజుల తర్వాత మామా మా ఆఫీసుకు ఫోన్ చేసింది, తిట్టడానికి కాదు, థాంక్స్ చెప్పడానికి. మీ మనిషి వచ్చి అసలు సంగతి కనిపెట్టాడు, పనిమనిషికి గురువారం టికెట్ తీశాం, సఫర్ చేయించేస్తున్నాం అని చెప్పిందట. సఫర్ అంటే అక్కడ ఇంటికి పంపించేయడం.

జోసెఫ్ సారు నన్ను పిలిచాడు. శభాష్ అంటాడేమో అనుకుంటూ పోయాను. ఆయన ముందు ఆ ఇంటి కార్డులు మూడూ పరిచి ఉన్నాయి.

“దానంతట అదే ఆగి దానంతట అదే వెలుగుతోందని రెండుసార్లు నువ్వే రాశావు. పనిమనిషి రోజుకు ఒకసారి ఆపుతుంది అనుకో. మిగతాసార్లు ఎవరు ఆపుతున్నారు? దయ్యమా?”

ఆ కార్డుల మీద రాత నాదే.

“తూ ఉధర్ బైఠా థా క్యా?” అక్కడ కూర్చున్నావా అని. “హీటర్ ముందు ఒక గంట కూర్చున్నావా, మూడుసార్లు పోయి?”

“లేదు సార్.”

“ఇప్పుడు పో. బ్యాగులో ఒక్క కొత్త సామాను కూడా పెట్టుకోకు. కుర్చీ అడిగి వేసుకొని కూర్చో. ఒక మనిషి నోటి దగ్గరి కూడు నీ మాట మీద పోతోంది, తెలుస్తోందా?” ఆ తర్వాత మలయాళంలోకి పోయాడు.

కుర్చీ

నన్ను చూసి మామా ఆశ్చర్యపోయింది. అయిపోయింది కదా, ఖలాస్ కదా, మళ్లీ ఎందుకు వచ్చావంది. ఒక గంట చూసిపోతానని చెప్పాను. వసారాలో గోడవారన నీలంరంగు పెట్టె ఒకటి తాడుతో కట్టి ఉంది. అది ఎవరిదో అడగక్కర్లేదు.

కుర్చీ వేసుకొని హీటర్ ముందు కూర్చున్నాను. స్విచ్చి దగ్గరికి ఎవరూ రాలేదు. చేతి గడియారం చూస్తూ ఉన్నాను. నాలుగు నిమిషాలకు దీపం ఆరింది. తొమ్మిది నిమిషాలకు మళ్లీ వెలిగింది. నాలుగు నిమిషాలకు మళ్లీ ఆరింది. పైపు పట్టుకు చూస్తే అదే గోరువెచ్చన. గంటలో నాలుగైదుసార్లు జరిగింది ఈ తతంగం. మనిషి చెయ్యి లేదు, దయ్యం చెయ్యీ లేదు.

పిల్లలూ, మీకు నేను నేర్పగలిగింది ఏదైనా ఉంటే ఇదే. ఆగి ఆగి నడిచే దేన్నయినా బాగుచేసేముందు దాని ముందు కూర్చోండి. ఎంతసేపు నడుస్తోంది, ఎంతసేపు ఆగుతోంది చూడండి. కస్టమర్ ముందు ఊరికే కూర్చోవడానికి సిగ్గుగా ఉంటుంది, పని రానివాడు అనుకుంటారని. అనుకోనీ. నేను ఆ సిగ్గుతోనే మూడుసార్లు తొందరపడి లేచి వచ్చాను.

నేను కూర్చున్నంతసేపట్లో ఇంకొకటి చూశాను. ముసలమ్మ గదిలోకి సుబ్బమ్మ పోవడం లేదు. వంటింట్లో నీళ్లు కాచి, బకెట్ మోసుకొచ్చి, గది తలుపు బయట పెట్టి పోతోంది. మామా తలుపు కొంచెం తీసి, బకెట్ లోపలికి లాక్కొని మళ్లీ వేసేస్తోంది. లోపల ముసలమ్మ దగ్గు వినిపించినప్పుడల్లా సుబ్బమ్మ నడిచేది ఆగిపోయేది.

సుబ్బమ్మ చెప్పింది

మామా బయటికి వచ్చాక అడిగాను. “మామా, హీటర్ గురించి ఆమెను ఒక మాట అడగాలి. మీరు ఇక్కడే ఉండండి. మా భాషలో అడుగుతాను.” సరే అంది. సుబ్బమ్మను పిలిచింది.

“అక్కా” అన్నాను. “ఆ స్విచ్చి ఎందుకు బంద్ చేస్తున్నవో ఒక్కసారి చెప్పరాదు?”

ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంది. నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

“ఇప్పుడు నోరొచ్చెనా నీకు?” అంది. “పోయినతూరి కాక ముందుతూరి వచ్చినప్పుడు ఫోన్లో మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడతాంటే విన్యా. తెలుగాయప్ప వచ్చినాడు, నా మాట మామాకు ఇడమరిచి చెప్తాడులే అని ఎంత సంబరపడితినో. తలుపుకాడ్నే నిలబడుకోనుంటి. నా మొకం గూడా సూడకుండా పోతివి.”

“కంపెనీ రూలు అక్కా...”

“రూలంట.” ఆమె నవ్వలేదు. “మూడోతూరి వచ్చి నా మీద చెయ్యి చూపిచ్చినావే, అప్పుడేమాయె నీ రూలు?”

ఏమంటోంది ఏమంటోంది అని మామా హిందీలో అడుగుతోంది. ఒక్క నిమిషం అని చెయ్యి చూపించాను.

“నీళ్లు గుంజుతాండాయన్నా” అంది సుబ్బమ్మ, ఈసారి గొంతు తగ్గించి. “కొళాయి పట్టుకుంటే జిల్లుమని మోచెయ్యిదాకా వస్తాది. ఒకతూరి వస్తాది, ఒకతూరి రాదు. మామాకు చెప్తి, కహ్రబా, కహ్రబా అని.” కహ్రబా అంటే అరబ్బీలో కరెంటు. “ఆమె వచ్చి పట్టుకుండె. అప్పుడేమీ ల్యా. అబద్దాలు చెప్తాండావు, పని ఎగ్గొట్టేకి అనె. రిపేరాయప్ప వచ్చి చూసిపోయినాడు గదా అనె.”

“ఎప్పటి నుంచి గుంజుతాంది?”

“నువ్వు రెండోతూరి వచ్చిపోయిన కాడ్నుంచి. ముందు ల్యా.”

ఆ రోజు ఫోన్లో మాట్లాడుతూ మూత బిగించింది గుర్తొచ్చింది.

“ఆ ముసిలామె ఎముకల గూడన్నా. కరెంటు తగిలితే తట్టుకుంటాదా? పొయ్యి మీద కాంచి పోస్తానంటే, ఆమెకు జబ్బు చేసేదాకా హీటర్ ఉండంగా గ్యాసెందుకు అనిరి. ఇంగేం చేతు? స్విచ్చి ఆపి, ముందు నేను చెయ్యి పెట్టి చూసుకోని, అప్పుడు పోస్తాంటి. గోరెచ్చగుండాయని నాకు తెలీదా? తెల్సు. దగ్గయితే మందుకు తగ్గుతాది.” చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “సఫర్ అయితే అయ్యె. మా పాప నర్సింగు చదువు ఎట్లనో అట్ల సూసుకుంటా. పోయేది ఇంటికే కదా. ముసిలామెను చలినీళ్లల్లో ముంచిందనే మాట మోసుకోని పోవల్నా నేను? కన్నతల్లిని చూసినట్టు చూస్తినే...”

ఏడ్చింది. మామా గాభరాగా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మూత తీశాక

దీపం వెలిగేదాకా ఆగి కొళాయికి టెస్టర్ ఆనించాను. సన్నగా వెలిగింది. దీపం ఆరాక మళ్లీ ఆనించాను. లేదు. హీటర్ నడిచే నాలుగు నిమిషాలు కరెంటు ఉంటుంది, ఆగిన తొమ్మిది నిమిషాలు ఉండదు. మామా చెయ్యి పెట్టిన క్షణం ఆగిన క్షణం. పాపం సుబ్బమ్మ అబద్ధం చెప్పినట్టు తేలింది.

మెయిన్ ఆపి మూత తీశాను. పచ్చ పసుపు చారల ఎర్తు తీగ స్క్రూ లేకుండా వేలాడుతోంది. ఎక్కడన్నా కరెంటు కారితే మనిషి మీదికి రాకుండా నేలలోకి తీసుకుపోయే తీగ అది. థర్మోస్టాట్ బయటికి లాగాలంటే ఆ తీగ విప్పాలి. రెండోసారి వచ్చినప్పుడు విప్పాను. ఫోన్లో మాట్లాడుతూ మూత వేసేశాను. స్క్రూ ఆ మూతలోనే ఒక మూల పడి ఉంది.

లోపలి ఎలిమెంట్, అంటే నీళ్లు కాచే కడ్డీ, బయటికి తీస్తే సున్నం దిబ్బ. ట్యాంకర్ నీళ్ల పుణ్యం. కడ్డీ, థర్మోస్టాట్ దూరే గొట్టం రెండూ ఒకే సున్నపు ముద్దలో కూరుకుపోయాయి. కడ్డీ వేడి నీళ్లకు చేరకముందే పక్కనున్న థర్మోస్టాట్‌కు చేరుతోంది. అది నీళ్లు కాగాయనుకొని ఆపేస్తోంది. అట్లా వంద థర్మోస్టాట్లు మార్చినా ఇదే తంతు. సున్నం కింద కడ్డీ పగిలి ఉంది, కరెంటు కారేది అక్కడినుంచే.

ఇప్పుడు ఒక నిజం చెబుతాను. ఆ స్క్రూ చేతిలో పట్టుకొని కొంతసేపు కూర్చున్నాను. మామా పక్కగదిలో ఉంది. బిగించేస్తే ఎవరికీ తెలియదు. కడ్డీ చెడిపోయింది, సున్నం పట్టింది, ఎవరి తప్పూ కాదు అని చెప్పి బయటపడొచ్చు. పనిమనిషి ఆపడం కూడా నిజమే కదా అని మనసు వకాల్తా పుచ్చుకుంది. ఉద్యోగం పోతుందన్న భయం మామూలు భయం కాదు, నా వెనక కూడా తినే నోళ్లు ఉన్నాయి. నేను మంచివాణ్ని కాబట్టి లేచి పోయి చెప్పానని అనుకోకండి. “ముందు నేను చెయ్యి పెట్టి చూసుకోని” అన్న మాట చెవిలోంచి పోలేదు, అంతే. పదిరోజులు ఆమె పెట్టిన ఆ చెయ్యి నా నిర్లక్ష్యం మీద పెట్టిన చెయ్యి. ఏ రోజన్నా స్విచ్చి ఆపడం మరిచిపోయి ఉంటే? తడికాళ్లతో, ముసలమ్మను పట్టుకొని?

మామా దగ్గరికి పోయి స్క్రూ అరచేతిలో పెట్టి చూపించాను. “మామా, గల్తీ మేరా” అన్నాను. తప్పు నాది. ఎర్తు తీగ నేనే వదిలేశాను. కొళాయిలో కరెంటు నిజంగానే ఉంది. ఈమె స్విచ్చి ఆపింది మీ అమ్మ కోసం. ఆపకపోయి ఉంటే దగ్గుతో పోయేది కాదు. ఈమె గురించి నేను మీకు చెప్పింది చూడకుండా, అడగకుండా చెప్పిన మాట. మా కంపెనీకి ఫోన్ చేసి నా మీద చెప్పండి, టికెట్ మాత్రం ఆపండి.

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీలో కూర్చుండిపోయింది. రెండు చేతులతో ముఖం రుద్దుకుంది. ఫోన్ తీసి జోసెఫ్ సారుకు చేసి, ఎక్కువ మాటలు లేకుండా జరిగింది చెప్పి నాకు ఇచ్చింది.

ఆయన ఒకటే అడిగాడు. “మామాకు చెప్పావు, సరే. ఆ చెల్లెలికి చెప్పావా?”

చెప్పలేదు.

సుబ్బమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. మామా లేచి ఆమె దగ్గరికి పోయి, నన్ను రమ్మని చెయ్యి ఊపింది. “నీ భాషలో చెప్పు” అంది. “నేను తప్పు చేశానని చెప్పు. నా మాట నా మాటగానే చెప్పు, నీది కలపకు. ఆమె అబద్ధం చెప్పలేదు, నేను నమ్మలేదు, అని చెప్పు. ఉండమని అడుగుతున్నానని చెప్పు.”

చెప్పాను. తర్వాత నా మాట కూడా చెప్పాను. ఆ తీగ వదిలేసింది నేనే అక్కా, నిన్ను అడగకపోవడం అంతకన్నా పెద్ద తప్పు, నన్ను ఏమన్నా అను అని. ఆమె ముఖంలోకి చూసి చెప్పడానికి ముఖం చెల్లలేదు గానీ, చూసే చెప్పాను.

సుబ్బమ్మ ముక్కు చీది, చెంగు సర్దుకుంది.

“నీ సంగతి తరవాత మాట్లాడతా” అంది నాతో. “ముందు ఆమెను అడుగు. ముసిలామెకు రాత్రి నిద్ర పట్టిందా? దగ్గు తగ్గినాదా? మూడు దినాలాయె నన్ను ఆ గడప తొక్కనీక. మూసిన తలుపు బయట్నుంచి ఎంతని ఇనేది?”

ఆ మాట హిందీలో చెప్పాను. మామా వింది. పోయి తన చేత్తోనే తల్లి గది తలుపు బార్లా తీసి, పక్కకు జరిగి నిలబడింది.

సుబ్బమ్మ చెప్పులు విడిచి లోపలికి పోయింది. అంతలోనే ముసలమ్మ అరుపు వినబడింది, దగ్గుకూ దగ్గుకూ మధ్య, అరబ్బీలో. ఆ తిట్లు అర్థం కావడానికి అరబ్బీ రానక్కర్లేదు. ఇన్నాళ్లు ఎక్కడ చచ్చావు అని కాకపోతే ఇంకేమిటి? “సాలు సాల్లేమ్మా, నోరు నొస్తాది, లెయ్యి, కూసో, తల ఎవరు దువ్వినారు నీకు ఇట్ల, గడ్డివామి మాదిరి” అని సుబ్బమ్మ కడప తెలుగులో అంతకంటే గట్టిగా తిట్టింది. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క రాదు. ఇద్దరూ ఆపకుండా తిట్టుకుంటున్నారు. మామా గోడకు ఆనుకొని ఏడుస్తూ నవ్వింది.

కొత్త కడ్డీ పంపమని సారుకు ఫోన్ చేసి, నేను హీటర్ దగ్గరికి పోయి కుర్చీ ఎక్కి, లోపలి సున్నం గీకడం మొదలుపెట్టాను.